డాబా మీద ముళ్ల చెట్టు: హనీ లోకస్ట్ డైరీ

2023 జూన్ 11, ఆదివారం

కొరియర్‌లో చిన్న కవరు వచ్చింది. లోపల జిప్ సంచి, దానికి అంటించిన చీటీ: హనీ లోకస్ట్, బోన్సాయ్‌కి అనువైనది, 30 విత్తనాలు. కింద తెలుగు పేరు కూడా వేశారు, 'తేనె మిడత చెట్టు' అని. ఏ యంత్రమో తర్జుమా చేసి ఉంటుంది. అమ్మ అది చదివి, కవరును చేత్తో ముట్టకుండా చెంచాతో పక్కకు జరిపింది. "మిడతలు గుడ్లు పెట్టిన గింజలా ఇవి?"

మిడతకూ ఈ చెట్టుకూ చుట్టరికం లేదు. ఇంగ్లీషులో లోకస్ట్ అంటే మిడతే. అయితే ఆ మాట మధ్యధరా తీరంలో పెరిగే కేరబ్ కాయకు ఎప్పుడో అంటుకుంది, కాయ రూపం మిడతను పోలి ఉందని. అమెరికా చేరిన యూరప్ వాళ్లు అక్కడి చెట్లకు అలాంటి కాయలే వేలాడడం చూసి వాటికీ అదే పేరు తగిలించారు. తేనె సంగతి మాత్రం నిజం. కాయ లోపలి గుజ్జు తియ్యగా ఉంటుంది. తేనెటీగలు దీని పూలకు వస్తాయి గాని పేరు వాటివల్ల రాలేదు.

శాస్త్రీయ నామం గ్లెడిట్సియా ట్రయకాంథస్. 1753లో లినేయస్ పెట్టాడు. మొదటి మాట బెర్లిన్ వృక్షోద్యానాన్ని నడిపిన గ్లెడిట్ష్ పేరు మీద వచ్చింది, రెండో మాటకు మూడు ముళ్లు అని అర్థం. అమ్మకు ఈ సంగతి చెబితే "ఎవరి పెళ్లి?" అంది.

ఈ చెట్టు పిచ్చి నాకు పట్టించింది అక్క. అమెరికాలోని కాన్సస్‌లో ఉంటుంది. పోయిన ఏడాది ఇంటి వెనక వాగు గట్టున నడుస్తూ ఫోనులో ఒక చెట్టు చూపించింది. మాను చుట్టూ గుత్తులు గుత్తులుగా ముళ్లు, ఒక్కోటి జానెడు. తుమ్మ చెట్ల మధ్య పుట్టిన అమ్మ కూడా చూసి "అబ్బో" అంది. వచ్చేటప్పుడు రెండు కాయలు సూట్‌కేసులో పడేసుకొస్తానని అక్క మాట ఇచ్చింది. నేనే వద్దన్నాను. పరాయి దేశపు విత్తనం తేవాలంటే ముందుగా అనుమతి, ఆ దేశం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. కాయలో ఏ పురుగు దాక్కుని వస్తుందో ఎవరికి తెలుసు? అందుకే ఇక్కడ దొరికేదే తెప్పించాను.

పెంచే చోటు హైదరాబాదు మౌలాలిలో మా ఇంటి డాబా. తూర్పున నీళ్ల ట్యాంకు, పడమర ఎండ. నేల లేదు. ఇది నేలలో పెట్టే చెట్టూ కాదు, ఆ సంగతి తర్వాత.

జూన్ 14

విత్తనాలు తెల్ల పళ్లెంలో పోసి చూశాను. 24 ఒకే తీరుగా ఉన్నాయి: గోధుమ రంగు, చదునైన కోడిగుడ్డు ఆకారం, సెంటీమీటరు పొడవు, పాలిష్ పట్టినంత నునుపు. కిలోకు దాదాపు 6000 గింజలు తూగుతాయని లెక్క. నా 24 వంటింటి త్రాసులో 4 గ్రాములు చూపాయి. సరిపోయింది.

మిగతా ఆరు చిన్నవి, నల్లగా మెరుస్తూ కన్నీటి చుక్కలా ఒక వైపు మొన తేలి ఉన్నాయి. అలాంటివి మా వీధి చివర రైలు పట్టాల పక్కన కావలసినన్ని దొరుకుతాయి. సుబాబుల్. అమ్మినవారికి ఫోటో పంపితే "సహజమైన తేడా అండీ, అన్నీ మొలుస్తాయి" అని జవాబు. మొలుస్తాయనడంలో నాకూ సందేహం లేదు.

ఆ ఆరింటిలో నాలుగు విడిగా ఒక కుండీలో వేశాను. మిగిలిన రెండూ పళ్లెం పిట్టగోడ మీద పెట్టినప్పుడు గాలికి ఎటో పోయాయి.

జూన్ 17

ఈ గింజకు చుట్టూ ఉన్న పెంకు నీటిని లోపలికి రానివ్వదు. ఊరికే మట్టిలో వేస్తే నెలలు, ఏళ్లు అలాగే ఉంటుంది. నర్సరీల వాళ్లు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నానబెట్టి పెంకును పలుచన చేస్తారు. ఇంట్లో ఆ పని పెట్టుకోను.

అమ్మకు ఇదంతా వింత కాదు. నల్గొండ జిల్లాలో వాళ్ల ఊళ్లో తుమ్మ విత్తనం కావాలంటే చెట్టు కిందికి వెళ్లరట, మేకల దొడ్డికి వెళతారట. మేకలు కాయలు నమిలి, రాత్రి నెమరు వేస్తూ గట్టి గింజలను ఉమ్మేస్తాయి. పొద్దున ఊడిస్తే చేటెడు. ఆ గింజ వేస్తే వారంలో మొలక, చెట్టు కింద ఏరినది వేస్తే దేవుడి దయ. "నీకు ఆమ్లం ఎందుకు, మేకను తెచ్చుకో" అంది. మౌలాలిలో డాబా మీద మేక.

మేకకు బదులు ఆకురాయి. 24 గింజలను ఆరేసి చొప్పున నాలుగు వాటాలు చేశాను. మొదటి వాటా: ఏమీ చేయకుండా నేరుగా మట్టిలోకి. రెండు: మామూలు నీళ్లలో రాత్రంతా. మూడు: పొయ్యి మీద నుంచి దించిన నీళ్లు థర్మామీటరు మీద 88 డిగ్రీలకు దిగగానే గింజల మీద పోసి, చల్లారేదాకా అలాగే. నాలుగు: అరగదీత.

అరగదీయడం చూడడానికి తేలిక. చదునైన గింజ వేళ్ల మధ్య నిలవదు, జారి ఎగురుతుంది. రెండు సార్లు సోఫా కింద వెతికాక పటకారు పళ్లకు సైకిలు ట్యూబు ముక్క చుట్టి దానితో పట్టుకున్నాను. గింజకు తొడిమ అంటుకునే వైపు ఒక చిన్న మచ్చ ఉంటుంది. మొలక వేరు అక్కడే బయలుదేరుతుంది కాబట్టి ఆ వైపు ముట్టకూడదు. ఎదుటి అంచును ఆకురాయి మీద పది, పదిహేను సార్లు లాగాను. మొదట గోధుమ పొడి రాలింది. తర్వాత పొడి రంగు పలుచబడింది. ఇంకో రెండు లాగులకు అంచులో గోరు మొనంత లేత మచ్చ కనిపించింది. అక్కడ ఆపాలి. ఒక గింజకు ఆపలేదు, లోపలి పప్పు కొంచెం తరిగిపోయింది. దాని నెత్తిన పసుపు అద్దాను, అమ్మ సలహా.

జూన్ 18, ఆదివారం

పొద్దున్నే చూశాను. అరగదీసిన ఆరూ ఉబ్బి రెట్టింపయ్యాయి. పెంకు మెత్తబడి, నానిన చిక్కుడు గింజలా వేలికి ఆనుతోంది. వేడినీళ్లవి నాలుగు ఉబ్బాయి, రెండు రాళ్లలా ఉన్నాయి. మామూలు నీళ్లవి ఆరూ నిన్న సాయంత్రం ఎలా ఉన్నాయో అలాగే, తుడిచి డబ్బాలో పెట్టుకోవచ్చు. ఒక్క రాత్రిలో ఇంత తేడా కంటికి కనబడడం నాకు భలే నచ్చింది.

ఉబ్బిన పదీ, ఉబ్బని రెండూ మట్టిలోకి వెళ్లాయి. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒకటి, చివికిన పశువుల ఎరువు ఒకటి, గుప్పెడు వేపపిండి.

జూన్ 27

తొమ్మిది మొలకలు. అరగదీసినవి ఆరుకు ఆరూ వచ్చాయి, పసుపు పూసినదీ వచ్చింది. వేడినీళ్లవి మూడు. సుబాబుల్ అనుమానితులు వీటికన్నా ముందే తలెత్తారు. నోరు మూసుకుని వాటికీ నీళ్లు పోశాను.

బీజదళాలు దళసరిగా, చింతగింజ బద్దల్లా ఉన్నాయి.

జూలై 16

ఆకుల దగ్గర కాసేపు ఆగాలి. ఇది చిక్కుడు కుటుంబపు చెట్టు, తుమ్మకూ చింతకూ దూరపు బంధువు. ఆకు ఈకలా ఉంటుంది: మధ్య ఈనె, అటూ ఇటూ చిన్న పత్రకాలు. తుమ్మ ఆకు ఈకలోంచి మళ్లీ ఈకలు వచ్చినట్టు ఉంటుంది, చింతాకు ఒక్క వరస ఈక. హనీ లోకస్ట్ రెండూ వేస్తుంది. నా మొలకల మీద ఇప్పటిదాకా చింతాకు తరహావే. పెరిగే కొద్దీ పొడవాటి కొమ్మల మీద తుమ్మ తరహా ఆకులు వస్తాయట. ఒక్కోసారి ఒకే ఆకులో సగం ఇలా, సగం అలా కూడా ఉంటుందని అక్క చెట్టు ఫోటోల్లో చూశాను. దర్జీ మధ్యలో మనసు మార్చుకున్నట్టు.

అసలు ఆనవాలు ఇంకోటి. పత్రకాన్ని వెలుతురుకు ఎదురుగా పెట్టి భూతద్దంతో చూస్తే అంచు నున్నగా లేదు. నోటు పుస్తకం చించిన కాగితంలా కాదు, అంతకన్నా సున్నితం: పాత రూపాయి బిళ్ల అంచు మీది గాట్లంత చిన్న చిన్న వంపులు. చింత, తుమ్మ, సుబాబుల్, సీమచింత నాలుగూ తెచ్చి పక్కన పెట్టి చూశాను. వాటి అంచులు నున్నన. అమ్మినవారి మీద ఉన్న అనుమానం 24 గింజల వరకు తీరింది.

నల్ల గింజల్లో నాలుగూ మొలిచాయి. ఆకు తొడిమ మీద, మొదటి జత ఈకల దగ్గర గిన్నె లాంటి చిన్న గ్రంథి ఉంది. సుబాబులే.

ఆగస్టు 6

వేరు తొందర ఎక్కువ. పాల ప్యాకెట్లలో వేసిన మొలకలను ఎత్తి చూస్తే జానెడు మొక్కకు జానెడున్నర తల్లివేరు, అడుగున చుట్టలు చుట్టుకుంటోంది. సొంత ఊళ్లో దీని వేర్లు మూడు నుంచి ఆరు మీటర్ల లోతుకు దిగుతాయి. అందుకే కరవుకు తట్టుకుంటుంది.

నాలుగు అంగుళాల పీవీసీ పైపును అడుగు పొడవు ముక్కలుగా హాక్సాతో కోశాను. ప్రతి ముక్కను నిలువుగా రెండుగా చీల్చి, మళ్లీ కలిపి కట్టుతీగతో బిగించి, అడుగున దోమతెర గుడ్డ కట్టాను. వేరు చూడాలంటే తీగ విప్పితే చాలు, పుస్తకంలా తెరుచుకుంటుంది. తొమ్మిది మొక్కలకు తొమ్మిది పైపులు, మీద పెయింటుతో అంకెలు.

ఆగస్టు 20

మూడు పోయాయి. ఒకటి నారు కుళ్లు తెగులు, మొదలు దగ్గర దారంలా సన్నబడి పడిపోయింది. రెండింటిని పావురాలు పీకాయి. హైదరాబాదులో డాబా మీద ఏది పెంచినా సగం పావురాలకే.

కుళ్లిన మొక్కను పారేయకుండా వేరు కడిగి చూశాను. చిక్కుడు కుటుంబం అనగానే అందరూ చెప్పేది ఒకటే మాట: వేర్లకు బుడిపెలుంటాయి, వాటిలోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. కంది, పెసర, తుమ్మ అన్నీ అంతే. ఈ వేరు మీద ఒక్క బుడిపె లేదు. చచ్చిన మొక్క కదా అని బతికున్న రెండు పైపులు విప్పి చూశాను. వాటికీ లేవు. అదే మట్టి వేసిన సుబాబుల్‌ను పీకితే పెసరబద్దంత బుడిపెలు డజను దాకా. ఒకటి బ్లేడుతో కోశాను. లోపల గులాబి రంగు, మన రక్తంలోని హిమోగ్లోబిన్ లాంటి పదార్థం వల్ల వచ్చే రంగు. పని జరుగుతోందన్నమాట.

హనీ లోకస్ట్‌కు ఆ బుడిపెలు కట్టవు. కుటుంబంలో అందరూ వ్యాపారం చేస్తుంటే ఒక్కడు ఉద్యోగానికి పోయినట్టు. కాబట్టి ఎరువు నేనే వేయాలి. సుబాబుల్ మిగతా మూడూ పీకేశాను, వేర్లతో సహా.

డిసెంబరు 17, ఆదివారం

ఆకులు పసుపు రంగుకు తిరిగి రాలుతున్నాయి. తెల్లవారుజామున డాబా మీద 12 డిగ్రీలు. కాన్సస్‌లో ఇప్పుడు సున్నా కిందే. ఇక్కడి చలికి ఇది చలికాలమని ఎలా తెలిసిందా అనుకున్నాను. చలి ఒక్కటే కాదు, పగటి పొడవు కూడా లెక్కలోకి వస్తుంది. అక్కడ వేసవి పగలు దాదాపు 15 గంటలు, చలికాలం పగలు తొమ్మిదిన్నర. మనకు 13, 11. అంటే మన వేసవిలో కూడా దీనికి సరిపడా పొడుగు పగలు రాదు. ఎదుగుదల అక్టోబరులోనే ఆగిపోవడానికి అదే కారణమని నా ఊహ.

అమ్మ చచ్చాయంది. గోటితో కాండం గీకి చూపించాను, లోపల పచ్చగా ఉంది. "సరే, నిద్రపోనీ" అని నీళ్లు తగ్గించింది. ఆమె చెప్పకపోతే నేను రోజూ పోసి కుళ్లబెట్టేవాణ్ణి.

2024 మార్చి 10

ఆరింటిలో అయిదు చిగురించాయి. ఆకు రాలిన చోట మొగ్గ ఎక్కడుందో వెతికినా కనిపించేది కాదు. ఆకు తొడిమ అడుగు భాగం మొగ్గను కప్పేసి ఉంటుంది, ఆకు రాలాక కూడా మొగ్గ బెరడులో సగం కూరుకునే ఉంటుంది. కొమ్మ చివర మొగ్గే ఉండదు. ప్రతి ఏడూ పక్క మొగ్గ ఒకటి దారి తీసుకుంటుంది, అందుకే కొమ్మ తిన్నగా పోక మెలికలు తిరిగి పోతుంది. బోన్సాయ్ వాళ్లు తీగ చుట్టి తెప్పించే వంపు దీనికి పుట్టుకతోనే ఉంది.

మే 5

థర్మామీటరు ట్యాంకు నీడలో కూడా 43. ఆకు కొసలు మాడాయి. ఆకుల అడుగున ఎర్రనల్లి, సన్న సాలెగూళ్లు. రోజూ సాయంత్రం పైపుతో ఆకుల కింద నీళ్లు కొట్టి, వారానికోసారి వేపనూనె. 50 శాతం షేడ్‌నెట్ వేశాను, నెల ఆలస్యంగా. రెండు మొక్కలు పోయాయి. మిగిలినవి 2, 5, 7.

మంచును తట్టుకునే చెట్టుకు మన డాబా సిమెంటు వేడి వేరే పరీక్ష. పైపు గోడలు వేడెక్కి వేరును ఉడికించాయి. గోనెసంచి చుట్టి తడపాలన్న బుద్ధి రెండు చచ్చాక వచ్చింది.

జూన్ 23, ఆదివారం

ఏడాది కిందట ఏమీ చేయకుండా మట్టిలో వేసిన ఆరు గింజల కుండీని నేను మరిచిపోయాను. తొలకరి వానలకు అందులో ఒకటి మొలిచింది. తనంతట తానే. మిగతా అయిదూ తవ్వి చూస్తే చెక్కు చెదరలేదు, మట్టి తుడిస్తే మెరుపు కూడా పోలేదు. మళ్లీ పూడ్చాను. గట్టి పెంకు వల్ల లాభం ఇదే: అన్నీ ఒకే ఏడు మొలిచి ఒకే కరవుకు చావవు. కొత్తదానికి 10 అని అంకె వేశాను.

జూలై 28

5వ మొక్కకు ముల్లు వచ్చింది!

రెండు రోజులుగా ఆకు కణుపుకు కాస్త పైన లేత ఆకుపచ్చ మొన కనిపిస్తుంటే కొమ్మ అనుకున్నాను. అనుకోవడంలో తప్పు లేదు, అది కొమ్మే. గులాబీ ముల్లు బెరడు మీది పొర, బొటనవేలితో తోస్తే ఊడి వస్తుంది. ఇది అలా కాదు. మొగ్గలోంచి పుట్టి, కర్రలోకి పాతుకుని, కొమ్మ తీరున పెరిగి చివర మొన తేలుతుంది. కొన్ని ముళ్ల మీద చిన్న ఆకులు కూడా వస్తాయి. లాగితే ఊడదు, విరుగుతుంది.

ఇవాళ రెండు సెంటీమీటర్లు, వేలితో వంచితే వంగుతోంది.

ఆగస్టు 18

అదే ముల్లు. నాలుగు సెంటీమీటర్లు, పక్క నుంచి రెండు పిల్ల ముళ్లు. లినేయస్ లెక్క ప్రకారం మూడు. రంగు ఆకుపచ్చ పోయి ఎర్రచందనపు ఎరుపుకు వచ్చింది, వార్నిష్ వేసినట్టు నిగనిగ. ఇక వంగదు. ముదిరాక బూడిద రంగుకు తిరుగుతుందట. 7వ మొక్కకూ రెండు మొదలయ్యాయి. 2వ దానికి ఒక్కటీ లేదు.

ముల్లు లేని చెట్లు అడవిలో కూడా అరుదుగా కనిపిస్తాయి. అమెరికా నగరాల వీధుల్లో ఇప్పుడున్నవి ఆ రకాలే. డచ్ ఎల్మ్ తెగులుతో అక్కడి వీధుల్లో ఎల్మ్ చెట్లు వరసగా చచ్చిపోతే, ఆ ఖాళీల్లో నాటడానికి ముళ్లు లేని హనీ లోకస్ట్ దొరికింది. 1949లో మొరేన్ అనే రకానికి పేటెంటు ఇచ్చారు, ఆ తర్వాత ఇంకెన్నో. అక్క ఆఫీసు పార్కింగులో వరసగా ఉన్నవి అవే. వాటి కింద నీడ పలచగా, జల్లెడ పట్టినట్టు పడుతుంది, గడ్డి చావదు. ఆకు రాలితే ఊడ్చే పని లేదు, పత్రకాలు గడ్డిలోకి జారిపోతాయి. ఇవి అంటు కట్టి పెంచినవి. ముల్లు లేని చెట్టు గింజ వేసినా పిల్లల్లో కొన్ని ముళ్లతోనే పుడతాయి. ముసలి ముళ్ల చెట్టుకు కూడా పై కొమ్మల్లో ముళ్లుండవు. అక్కడి పుల్ల తెచ్చి అంటు కడితే ముళ్లు లేకుండానే పెరుగుతుంది.

ముళ్లన్నీ కింద, పైన నున్నన. అంటే ఏదో జంతువు మూతి అందేంత ఎత్తు వరకే కాపలా.

సెప్టెంబరు 1, ఆదివారం

రెండు రోజులుగా ఎడతెరిపి లేని వాన. పైపులు పొడవు, మట్టిలో ఇసుక ఉంది, నీరు నిలవలేదు.

అక్టోబరు 20, ఆదివారం

అక్క కాయలు పోగు చేసి వీడియోలో చూపించింది. మూరకు కాస్త తక్కువ, ముదురు గోధుమ రంగు, తోలు బెల్టులా చదును, స్క్రూలా మెలి తిరిగింది. ఊపితే గలగల. విరిచింది. గింజల మధ్య పసుపుపచ్చ గుజ్జు, జిగురు. వేలితో తీసి నాకి, "ఖర్జూరం, చివర్లో కాస్త వగరు" అంది. కొన్ని ఎంపిక చేసిన రకాల గుజ్జులో పంచదార 30 శాతం దాటుతుంది. పశువులు ఇష్టంగా తింటాయి.

నాకడానికి ముందు ఒకటికి రెండు సార్లు అడిగాను, మానుకు ఆ గుత్తి ముళ్లు ఉన్నాయా అని. బ్లాక్ లోకస్ట్ అనే ఇంకో చెట్టు అక్కడే పెరుగుతుంది. దాని బెరడు, గింజలు విషం. దాని కాయ అర చెయ్యి కూడా ఉండదు, ముళ్లు కణుపుకు రెండు చొప్పున పొట్టిగా ఉంటాయి. పేరొకటే, చుట్టరికం దూరం.

ఇంత తియ్యటి కాయ, ఇంత గట్టి గింజ, మూతి ఎత్తు వరకు ముళ్లు. ఎవరి కోసం ఇదంతా? 1982లో డేనియల్ జాంజెన్, పాల్ మార్టిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక ఊహ ముందుకు తెచ్చారు. కొన్ని అమెరికా చెట్ల కాయలు ఇప్పుడు లేని పెద్ద జంతువుల కోసం రూపుదిద్దుకున్నాయని. హనీ లోకస్ట్ విషయంలో వేలు చూపేది మాస్టొడాన్ వైపు. ఏనుగు బంధువు, దాదాపు 11 వేల ఏళ్ల కిందట అంతరించింది. కాయ మింగడం, దవడ పళ్ల కింద పెంకు గీసుకుపోవడం, మైళ్ల దూరంలో పేడతో పాటు గింజ పడడం. నేను పటకారు, ఆకురాయి పట్టుకుని చేసిన పని అదే.

ఇంకో మాట కూడా ఉంది. చెరోకీ జాతి వాళ్లు తీపి కోసం ఈ కాయలు వాడేవారు. వాళ్ల పాత ఊళ్లు ఉన్న చోట్లకు దగ్గరగానే ఈ చెట్లు ఎక్కువగా కనిపిస్తున్నాయని 2016లో ఒక పరిశోధన తేల్చింది. జంతువు పోయాక మనుషులు మోశారన్నమాట. నాకు ఈ రెండోదే ఎక్కువ నచ్చింది. సీమచింతను మన ఊళ్లకు మోసుకొచ్చిందీ మనుషులే కదా, మెక్సికో నుంచి. పేరు ముందు 'సీమ' అని ఉన్నా చిన్నప్పుడు దాన్ని పరాయి చెట్టని ఎవరూ అనుకోలేదు.

అమ్మ ఒకటే అడిగింది, "దీంతో తల రుద్దుకోవచ్చా?" శీకాయలా మెలి తిరిగిన కాయ చూసి అడిగి ఉంటుంది. తమాషా ఏమిటంటే చైనాలో దీని సొంత చెల్లెలి కాయలను నిజంగానే సబ్బులా వాడతారు. ఇది మాత్రం తినడానికే.

2025 జనవరి 19, ఆదివారం

కాలనీ సంఘం పెద్దాయన డాబా మీదికి వచ్చి చూసి ముచ్చటపడ్డారు. "పార్కు కంచె వెంట ఒక వరస వేద్దామండీ, గోడ ఖర్చు తప్పుతుంది" అన్నారు. కుదరదని చెప్పాను. ఆయన మొహం చిన్నబోయింది.

నా లెక్క ఇది. ఈ చెట్టు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో వాగుల వెంట గుబురుగా అల్లుకుపోయింది. అక్కడ దాన్ని కలుపు మొక్కగా ప్రకటించి పీకిస్తున్నారు. పశువులు కాయ తింటాయి, గింజ పేడలో పడుతుంది, వరద మోస్తుంది. నరికితే మొదలు నుంచి మళ్లీ లేస్తుంది. ఈ కథ మనం ఇంతకుముందు విన్నదే. సర్కారు తుమ్మను 1870ల్లో కడప జిల్లా కమలాపురంలో నాటారు, వంటచెరకు కోసం. మంచి ఉద్దేశమే. ఇవాళ అది లేని చెరువు కట్ట ఎక్కడుందో చెప్పండి. హైదరాబాదు వేడికి హనీ లోకస్ట్ అంత రెచ్చిపోకపోవచ్చు, నా మూడు మొక్కల నీరసం చూస్తే అలాగే అనిపిస్తుంది. కానీ ఆ పందెం కాలనీ పార్కులో కాయను. కుండీలో అయితే కాయ కాసే వయసు రావడానికే పదేళ్లు పడుతుంది, వచ్చినా నా చేతుల్లో ఉంటుంది.

కంచెకు ముళ్లే కావాలంటే వాక్కాయ వేయమన్నాను. కాయలు పచ్చడికీ వస్తాయి.

ఫిబ్రవరి 16, ఆదివారం

కత్తిరింపు రోజు. 5, 7 మొక్కలకు దారి అడ్డొచ్చే ముళ్లను మొదలంటా కోసి పాత గ్లాసులో వేశాను. ఒకటి కింద పడిన సంగతి చూడలేదు. చెప్పు అడుగు దాటి మడమలోకి దిగి కొన విరిగింది. పిన్నీసు కోసం నేను కుంటుతుంటే అమ్మ అదే గ్లాసులోంచి ఇంకో ముల్లు ఏరి, దీపం మీద కాల్చి, దానితోనే పైకి లేపింది. గట్టిదనానికి నిదర్శనం ఇంకేం కావాలి? పూర్వం వీటిని పిన్నులుగా వాడేవారని చదివినప్పుడు నమ్మలేదు.

జూన్ 15, ఆదివారం

రెండేళ్ల లెక్క. 2వ మొక్క 71 సెంటీమీటర్లు, ముళ్లు లేవు, మొదలు మందం చిటికెనవేలు. 5వది 64, ముళ్లు పదకొండు. 7వది 58, ముళ్లు తొమ్మిది, వంపు అన్నిటికన్నా అందంగా ఉంది, బోన్సాయ్ పళ్లెంలోకి వెళ్లేది ఇదే. 10వది ఏడాదిది, 29. ఈ వేసవిలో ఒక్కటీ చావలేదు. గోనెసంచి, ట్యాంకు నీడ, మార్చిలోనే వేసిన షేడ్‌నెట్.

పైపులు కడగడానికి పిట్టగోడ దగ్గరికి జరిపినప్పుడు చూశాను. గోడ మూల, వాన నీటి గొట్టం పక్కన, సిమెంటు పగులులోంచి సుబాబుల్. నడుమెత్తు. 2023లో గాలికి పోయిన రెండు గింజల్లో ఒకటి. ఎరువు లేదు, నీళ్లు పోసినవాళ్లు లేరు, షేడ్‌నెట్ అసలే లేదు. పోయిన చలికాలం ఒక్క ఆకు రాల్చినట్టు లేదు. అప్పుడే గుండ్రటి తెల్ల పూబంతులు వేసింది.

రెండు చేతులా పట్టుకుని లాగాను. కొమ్మ ఆకులు దూసుకుని చేతిలోకి వచ్చాయి, మొదలు కదల్లేదు. అమ్మ కింద నుంచి కేక వేసింది, గోడ పడగొడతావా అని. మేస్త్రీకి ఫోను చేస్తే గురువారం వస్తానన్నాడు.